చెట్టును వదిలి కట్టిన గోడ

ఫిబ్రవరి 12, బుధవారం

ఈ ఇంట్లోకి వచ్చి మూడు రోజులు. మా ఆవిడ సూర్యం ఇవాళ గోడలకు మేకులు కొట్టింది.

ఇరవై ఏడేళ్ల మా కాపురంలో ఒక్క తెనాలిలోనే తొమ్మిది అద్దె ఇళ్లు మారాం. తొమ్మిది ఇళ్లవాళ్లూ తాళం చేతికిస్తూ చెప్పిన మాట ఒక్కటే, గోడలకు మేకులు కొట్టకండి మాస్టారూ అని. మా పెళ్లి ఫొటో, మా అమ్మానాన్నల ఫొటో, అమ్మాయి హర్షిణి పట్టా పుచ్చుకుంటున్న ఫొటో, సూర్యం పూసలతో కుట్టిన నెమలి, అన్నీ ఇన్నాళ్లూ మంచం కింద ట్రంకుపెట్టెలోనే కాపురం చేశాయి. ఇవాళ పెట్టె బయటికి లాగి, కుచ్చెళ్లు దోపుకుని, సుత్తి పట్టింది. నేను స్టూలు కదలకుండా పట్టుకుని నిలబడ్డాను.

"మెల్లిగా కొట్టు, పెచ్చు ఊడుతుంది" అన్నాను.

"ఊడనివ్వండి. నా గోడ. ఊడితే నేనే పూయించుకుంటా" అంది.

బొటనవేలు చితక్కొట్టుకుంది. వేలు నోట్లో పెట్టుకుని నవ్వింది. పెళ్లయిన కొత్తలో కూడా అంత నవ్వు నవ్వినట్టు గుర్తులేదు. మొత్తం పదకొండు మేకులు. పదకొండోది అయ్యాక నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

మనోహర్ గృహప్రవేశానికి రాలేదు. రాడని తెలిసే పిలిచాను.

ఫిబ్రవరి 13

నేను చెప్పింది శాస్త్రంలో ఉన్నదే. సొంత కవిత్వం కాదు.

ఫిబ్రవరి 16, ఆదివారం

విత్తనాల కొట్టువాళ్లు ఏటా ఇచ్చే డైరీలో ముహూర్తాలు తప్ప నేనెప్పుడూ ఇంకోటి రాయలేదు. ఇప్పుడు ఇవన్నీ రాయడం దేనికో నాకే తెలియదు. మొదలుపెట్టాను కాబట్టి వరసగా రాస్తాను. ఎవరు చదవొచ్చారు గనక.

మనోహర్, నేను ఒకే హైస్కూల్లో పద్దెనిమిదేళ్లుగా ఉన్నాం. అతను లెక్కలు, నేను తెలుగు. బడి అయ్యాక జనానికి ముహూర్తాలూ వాస్తూ చెప్పడం మా నాన్న నుంచి నాకు వచ్చింది. ఊళ్లో నా మాటకు ఒక విలువ ఉంది. పోయిన సెప్టెంబరులో మనోహర్ కొడుకు డెంగ్యూతో పోయాడు. పదహారేళ్లు. ఒక్కడే కొడుకు. ఆరు రోజుల్లో అంతా అయిపోయింది.

కార్తీకంలో ఒక ఆదివారం హైమావతి కబురు పెట్టింది. మనోహర్ భార్య. నన్ను అన్నయ్యగారూ అని పిలుస్తుంది. "ఇంట్లో ఏదైనా దోషం ఉందేమో చూడండి అన్నయ్యగారూ. లేకపోతే మాకే ఎందుకిలా అవుతుంది?" అంది. మనోహర్‌కు వీటి మీద నమ్మకం లేదు. ఆమె కోసం ఊరుకున్నాడు.

నేను ఇల్లంతా తిరిగి చూశాను. ఈ ఇంటి ప్రహరీ గోడ ఒక మూల లోపలికి వంగి ఉంటుంది. గోడ కట్టే రోజుల్లో అక్కడ వేపచెట్టు అడ్డం వస్తే, హైమావతి దాన్ని కొట్టనివ్వకుండా గోడనే వంచి కట్టించిందట. చెట్టు వీధిలో మిగిలింది. ఆ మూల చూపించి, "ఈశాన్యం తెగిందమ్మా. మగసంతానానికి మంచిది కాదు" అని చెప్పాను.

అంతే. అడిగారు, చెప్పాను.

ఈ ఇల్లు మీకు అచ్చిరాదు, వదిలించుకోండి అని కూడా అన్నాను. దోషం ఉన్న కొంపను బయటివాళ్లు ఎవరు కొంటారు? మాకు ఒక్కతే ఆడపిల్ల, మాకు ఆ దోషం తగలదు, కావాలంటే నేనే తీసుకుంటాను అన్నాను. అది వాళ్లకు నేను చేసిన సాయం. వాళ్లు హైమావతి పుట్టినూరు రేపల్లె వెళ్లి అద్దెకు దిగారు. మనోహర్ రోజూ ప్యాసింజర్ బండిలో బడికి వచ్చి పోతున్నాడు.

ఆ రోజు దిక్సూచి పెట్టి చూడలేదు. ముప్పై ఏళ్ల అనుభవం ఉన్నవాడికి ఈశాన్యం కనిపెట్టడానికి దిక్సూచి ఎందుకు?

ఫిబ్రవరి 21

పెయింటరు వచ్చాడు. హాల్లో ఒక్క గోడకు మాత్రం ముదురు రంగు వేస్తే ఇప్పుడు ఫ్యాషనట. సూర్యం రంగుల పుస్తకం ముందేసుకుని గంటసేపు కూర్చుంది. చివరికి గుమ్మడిపండు రంగు ఖాయం చేసింది. నాకు కళ్లు జిగేల్‌మన్నాయి. "మీకు తెల్ల పంచె తప్ప ఇంకేదీ నచ్చదు లెండి" అని దెప్పింది.

వెనక గది హర్షిణికి. అయిదో నెల. పురిటికి ఇక్కడికే వస్తుంది. అద్దె ఇంట్లో పురుడు పోస్తానేమోనని భయపడ్డాను, దేవుడు ఇల్లిచ్చాడు అని సూర్యం రోజుకు పదిసార్లు అంటోంది.

ఆ గది మనోహర్ కొడుకుది. గోడలోని అలమర తలుపు తీస్తే లోపలివైపు పెన్సిలుతో రాసి ఉంది: య మా తా రా జ భా న స ల గం. గణాలు గుర్తు పెట్టుకోవడానికి పదో తరగతిలో నేను చెప్పిందే. పక్కన ఒక బొమ్మ. బాన పొట్ట, ముక్కు మీద కళ్లజోడు, చేతిలో బెత్తం. కింద 'గౌ.శం.' అని నా పేరు. ముందు నవ్వొచ్చింది. పొట్ట అచ్చం నాదే.

"పైన రంగేస్తే కనపడదండి సార్" అన్నాడు పెయింటరు.

వద్దన్నాను. తలుపు వేసి తాళం పెట్టాను. తాళంచెవి ఏదని సూర్యం అడిగితే కనపడటం లేదని చెప్పాను. ఇప్పుడది నా పంచాంగంలో ఉంది.

మార్చి 3, సోమవారం

స్టాఫ్ రూములో మనోహర్, నేను ఇద్దరమే మిగిలాం. క్యారేజీ మూత తీసి మళ్లీ పెట్టేశాడు.

"హైమ ఎలా ఉంది?" అన్నాను. అడగకపోతే బాగుండదు కదా.

"ఏం చెప్పను శంకరం. వాణ్ని నేనే చంపుకున్నా అంటుంది. చెట్టు బతకాలని కొడుకుని చంపుకున్నానంటుంది. దీపం పెట్టదు, గుడికి రాదు. పక్కింటావిడ తులసిమొక్క ఇస్తే, నా చేత్తో ఏదీ పెంచకూడదండీ అని తిప్పి పంపేసింది. ఏడవనైనా ఏడవదు. మీ చెల్లెలికి నీ మాటంటే గురి. ఒకసారి వచ్చి, నీ తప్పేం లేదమ్మా అని చెప్పకూడదూ?"

"ఉన్న దోషాన్ని లేదని ఎలా చెప్పను మనోహర్" అన్నాను.

అతను నా మొహంలోకి చూసి తల ఊపాడు. నిజమే అన్నట్టే ఊపాడు. నన్ను నమ్మాడు. తర్వాత క్లాసులో నేను ఏ పద్యం చెప్పానో నాకు తెలియదు.

మార్చి 4

వెళ్లాలి. ఈ ఆదివారం వెళ్లాలి.

మార్చి 9

ఆదివారం. కర్టెన్లు తగిలించాం. ఆవపూల రంగు. సూర్యం మిషను మీద తనే కుట్టింది. వెళ్లడానికి తీరిక దొరకలేదు.

మార్చి 15, శనివారం

హర్షిణితో ఫోన్ మాట్లాడి వచ్చి సూర్యం నా ఎదురుగా కూర్చుంది. మొహం మామూలుగా లేదు.

"ఏమండీ, ఆ మూల సంగతేంటి?"

"ఏ మూల?"

"గోడ మూల. ఈశాన్యం. మగపిల్లలకి మంచిది కాదన్నారు కదా."

"మనకు మగపిల్లలు లేరుగా."

"మనకి లేరు. హర్షిణికి పుట్టేది ఎవరో ఎవరికి తెలుసు? మగపిల్లాడైతే? పచ్చి బాలింతరాలిని, పసిగుడ్డుని తీసుకొచ్చి ఈ ఇంట్లో పడుకోబెట్టమంటారా? మీరు చెప్పిన మాటేగా. హైమక్కయ్య గతి చూశాక నాకు ధైర్యం చాలదు. చెట్టు కొట్టించి గోడ తిన్నగా కట్టించండి. లేదా పురుడు హైదరాబాదులోనే పోసుకోమందాం."

మొగుడు చెప్పినదంతా వేదం అనుకునే మనిషి కాదు సూర్యం. చాలాసార్లు నా ముహూర్తాలను వేళాకోళం చేస్తుంది. ఈ ఒక్కటే నమ్మింది. ఎందుకు నమ్మదు? ఒక పిల్లాడు పోయాడు కదా, రుజువు కళ్ల ముందు ఉంది.

సరే, కొట్టిద్దాం అన్నాను.

మార్చి 23, ఆదివారం

బాపట్ల వెళ్లి వచ్చాను.

మా గురువుగారు వెంకటకృష్ణయ్యగారికి ఎనభై ఆరు. చూపు పూర్తిగా పోయింది. భావనారాయణస్వామి గుడి వెనక వీధిలో, అరుగు మీద పడక్కుర్చీలో ఉన్నారు. నా అడుగు చప్పుడు విని, "గౌరీశంకరమా? కొత్తిల్లు కొన్నావటగా" అన్నారు. ఇంటి సంగతి, గోడ సంగతి చెప్పాను. వాళ్లకు నేను చెప్పిందీ చెప్పాను.

"వీధి ఎటు?"

"కాలవ గట్టు వెంటనండి."

"గట్టు వీధా? అక్కడ స్థలాలన్నీ ఐమూలగా తిరిగి ఉంటాయి కదోయ్. ఇంటి మూలలు తిన్నగా దిక్కుల మీద పడతాయి. నువ్వు ఈశాన్యం అన్నది తూర్పయి ఉంటుంది. తూర్పుకి నువ్వు చెప్పిన ఫలితం ఏ గ్రంథంలోనూ లేదు. దిక్సూచి పెట్టావా?"

"లేదండి."

"పెట్టి చూసి, అప్పుడు రా."

నేను లేవలేదు. ఆయన కాసేపు విసనకర్ర విసురుకున్నారు.

"పెట్టకుండా నువ్వు ఇంత దూరం రాలేదు. ఈ గుడ్డివాడి నోటితో దోషమే అనిపించుకుని పోదామని వచ్చావు" అన్నారు. కోపంగా అనలేదు. లోపలికి కేకేసి నాకు కాఫీ ఇవ్వమన్నారు. ఆ కాఫీ తాగాను. తాగి, కాళ్లకు దండం పెట్టి వచ్చేశాను.

ఇక్కడ ఒక మాట రాసుకోవాలి.

దిక్సూచి పెట్టాను. ఆ ఆదివారం హైమావతి నాకోసం లోపల కాఫీ కలుపుతోంది. మనోహర్ గేటు దగ్గర ఫోన్ మాట్లాడుతున్నాడు. వంపు తిరిగిన గోడ మీద పెట్టి, ముల్లు నిలిచేదాకా ఆగి చూశాను. ఆ మూల తూర్పే. దోషం లేదు. జేబులో వేసుకున్నాను. వరండాలోకి వచ్చేసరికి సూర్యం గుర్తొచ్చింది. ఆ ఇంటికి పరామర్శకు వచ్చిన రోజు కూడా, ఏడుస్తున్న హైమావతి పక్కన కూర్చుని, తనకు తెలియకుండానే ఎర్ర గచ్చును అరచేత్తో నిమిరింది. నేను చూశాను. కాఫీ గ్లాసు అందుకుంటూ, ఈశాన్యం తెగిందమ్మా అన్నాను.

పొరపాటున నోరు జారలేదు. వరండా దాటి కుర్చీలో కూర్చునేంత సేపు ఆలోచించుకుని చెప్పాను.

మార్చి 30

ఉగాది. కొత్తగా వచ్చారు కదా పంతులుగారూ, ఈ ఏడు మా వీధిలో పంచాంగం మీరే చదవాలి అని నలుగురు పెద్దలు వచ్చి అడిగారు. గొంతు బాగోలేదన్నాను. గొంతు బాగానే ఉంది.

ఏప్రిల్ 2

చెట్టు పోతే మూల పోతుంది. మూల పోతే ఇక దాని మాట ఎవరూ ఎత్తరు. హర్షిణి వస్తుంది. బిడ్డ పుడుతుంది. ఇల్లు కళకళలాడుతుంది. హైమావతికి కాలమే మందు. ఎన్ని ఇళ్లలో చూడలేదు, ఏడాది తిరిగేసరికి మనుషులు మామూలవుతారు.

ఇది రాసి చదువుకున్నాను. ఇలాంటి ఓదార్పులు అందరికీ చెప్పడం నాకు అలవాటే.

ఏప్రిల్ 4, శుక్రవారం

ఒంటిపూట బడి కాబట్టి పన్నెండున్నరకల్లా ఇంటికి వచ్చాను. మేస్త్రీ జాన్ సైదా అప్పటికే రంపం మనుషులిద్దర్ని వెంటబెట్టుకుని వచ్చి ఉన్నాడు. ఈ గోడ కట్టింది ఇతనేనట. ఆ సంగతి నాకు తెలియదు.

"అప్పుడూ ఇట్టాగే రంపం తెచ్చామండి పంతులుగారూ" అన్నాడు సైదా, చెట్టు మొదలు మీద చెయ్యేసి. "అయిదు నిమిషాలైతే కొట్టేసేవాళ్లం. హైమమ్మ పరిగెత్తుకుంటా వచ్చింది. అప్పుడావిడ ఏడో నెల. కడుపుతో ఉన్నదాన్ని సైదా, నా ఇంట్లో పచ్చని చెట్టు కొట్టొద్దు, కడుపులో బిడ్డకి మంచిది కాదు, స్థలం పోతే పోనీ గోడే లోపలికి జరుపు అంది. నాకు మళ్లీ పునాది తీయాల్సొచ్చింది. కోపమొచ్చింది గానీ ఏమనగలం? కూలోళ్లందరికీ మజ్జిగిచ్చింది. భరద్వాజబాబు పుట్టాక స్వీట్లు కూడా పంపింది."

సూర్యం గుమ్మంలో నిలబడి ఇదంతా వింది.

"ఏమండీ" అంది, "మన పిల్ల కూడా కడుపుతో ఉంది కదా."

నిజానికి ఇంట్లో గర్భిణి ఉంటే చెట్లు కొట్టకూడదు. అడిగినవాళ్లకు నేనూ అదే చెబుతాను. "అది కట్టుకున్న మొగుడికి. పుట్టింటివాళ్లకు ఆ పట్టింపు లేదు" అన్నాను. ఎంత తొందరగా వచ్చింది ఆ జవాబు! వెతుక్కోనక్కర్లేదు నాకు. ఏది కావాలంటే అది నాలిక మీదే ఉంటుంది.

సాయంత్రానికి కొమ్మలన్నీ దిగిపోయాయి. మొదలు రేపు కొడతామన్నారు.

కడుపులో బిడ్డ కోసం ఆ చెట్టును కాపాడింది ఆమె. ఆ చెట్టు వల్లే ఆ బిడ్డ పోయాడని నేను చెప్పాను.

ఏప్రిల్ 5, శనివారం

పొద్దున్నే ఫోన్. హైమావతి. కొడుకు పోయాక తనంతట తను నాకు ఫోన్ చేయడం ఇదే.

"అన్నయ్యగారూ, సూర్యం నిన్న ఫోన్ చేసి చెప్పింది. ఆ చెట్టు మా హయాంలోది కదా, ఒక మాట చెబుదామని చేసిందంట, పిచ్చిది. గోడ తిన్నగా కట్టిస్తున్నారంట కదా. రెండు రోజుల పనేనంట కదా."

"అవునమ్మా."

"రెండు రోజులే కదండీ" అంది. నా మీద అనుమానమేమో అనుకున్నాను. అనుమానమైతే ఎంత బాగుండేది! "ఆ రోజు సైదాని నేను ఆపకపోతే ఆ పూటే అయిపోయేది. రెండు రోజుల పని అన్నయ్యగారూ. దానికి నా కొడుకుని..." ఆగింది. "మీరు మంచి పని చేస్తున్నారు. హర్షిణికి ఏం కాకూడదు. తొందరగా కట్టించండి" అని పెట్టేసింది.

బయటికి వెళ్లి సైదాని ఆపమన్నాను.

"సగం కొట్టి ఆపమంటే ఎట్టాగండి పంతులుగారూ? అటు చెట్టూ కాదు, ఇటు మోడూ కాదు" అన్నాడు.

కూలి ఇచ్చి పంపేశాను. సూర్యానికి ముహూర్తం బాగాలేదని చెప్పాను.

ఏప్రిల్ 7

మనోహర్ బడికి రాలేదు.

ఏప్రిల్ 8, మంగళవారం

ఇవాళా రాలేదు. ఫోన్ చేశాను. "హైమ శనివారం నుంచి ముద్ద ముట్టడం లేదు శంకరం. మంచినీళ్లు కూడా బతిమాలితే తాగుతోంది. డాక్టరుని తీసుకొచ్చా. ఒంట్లో రోగమేం లేదన్నాడు" అన్నాడు. గొంతు అరిగిపోయినట్టుంది.

ఇంటికి వచ్చేసరికి సూర్యం హాల్లో కూర్చుని పసిబిడ్డకు పొత్తిగుడ్డలు కుడుతోంది. ఎదురుగా కూర్చుని మొత్తం చెప్పాను. దిక్సూచి పెట్టి చూడటం, మూల తూర్పని తెలియడం, తెలిసే చెప్పడం. సూది గుడ్డలో దిగినచోటే ఆగింది.

"నీకోసమే సూర్యం. తొమ్మిది ఇళ్లు మారాం. నీ ఆశ చూడలేక..."

"నా పేరు పెట్టకండి దీనికి" అంది. ఆమె గొంతు అంత మెల్లిగా ఉండగా నేనెప్పుడూ వినలేదు. "నేను ఇల్లు కావాలన్నాను. ఆవిడ ఇల్లు కావాలన్నానా? నేను మేకులు కొడుతుంటే స్టూలు పట్టుకుని నిలబడ్డారు కదండీ, అప్పుడైనా చెప్పాలనిపించలేదా మీకు?"

నేను లేచి ఆమె దగ్గరికి వెళ్లబోయాను.

"ముందెళ్లి ఆవిడకి చెప్పండి. రేపే వెళ్లండి. ఇంటి సంగతీ, మన సంగతీ తర్వాత" అని గుడ్డలు మడిచి లోపలికి వెళ్లిపోయింది.

ఏప్రిల్ 9, బుధవారం

మధ్యాహ్నం బండిలో రేపల్లె వెళ్లాను. బండిలో నా మాటలు సర్దుకున్నాను. కాస్త పొరపాటు జరిగిందమ్మా అని మొదలుపెడదామనుకున్నాను. లెక్క మళ్లీ చూస్తే తేడా వచ్చిందని చెబుదామనుకున్నాను. భట్టిప్రోలు దాటేసరికి అలాంటివి నాలుగైదు తయారయ్యాయి. అన్నీ బాగానే ఉన్నాయి. అన్నిటిలోనూ నేను మంచివాడినే.

రైసుమిల్లు పక్క సందులో మేడ మీద రెండు గదులు. మనోహర్ తలుపు తీశాడు. నన్ను చూసి అతని మొహం విప్పారింది. "వచ్చావా! చూడు హైమా, శంకరం వచ్చాడు" అన్నాడు. నేను ఓదార్చడానికి వచ్చాననుకున్నాడు.

హైమావతి చాప మీద గోడకు ఆనుకుని ఉంది. సగానికి సగం అయిపోయింది మనిషి. ఆ గదిలో గోడలకు ఏమీ లేవు, క్యాలెండరు కూడా లేదు. తెనాలి నుంచి తెచ్చిన అట్టపెట్టెలు తాళ్లు విప్పకుండా అలాగే ఉన్నాయి. మూడు నెలలు.

సర్దుకున్న మాటలేవీ రాలేదు.

"అమ్మా, ఆ మూల ఈశాన్యం కాదు. తూర్పు. దోషం లేదు. ఆ రోజే దిక్సూచి పెట్టి చూశాను. తెలిసే నీకు అబద్ధం చెప్పాను. ఇల్లు నాకు కావాలని చెప్పాను."

మనోహర్ "ఏంటి?" అన్నాడు. "ఏంటన్నావ్?" నా చొక్కా పట్టుకున్నాడు. పద్దెనిమిదేళ్లలో ఎవరి మీదా గొంతు పెంచి ఎరగడు, పిల్లల్ని కొట్టి ఎరగడు. "నిన్ను కాళ్లావేళ్లా పడి అడిగా కదరా, వచ్చి ఒక్క మాట చెప్పమని. ఉన్న దోషాన్ని లేదని ఎలా చెప్పనన్నావు. నా కళ్లలోకి చూసి అన్నావు" అంటూ తలుపు దాకా నెట్టాడు.

"ఆగండి" అంది హైమావతి.

చాప మీద నుంచి లేచి, గోడ పట్టుకుని నిలబడింది.

"అంటే గోడ వల్ల కాదా?"

"కాదమ్మా."

"చెట్టు కొట్టొద్దన్నందుకు కాదా?"

"కాదమ్మా. నువ్వు వాడి మంచికే ఆపావు. నీవల్ల ఏమీ జరగలేదు."

ఆమె ఆ మాట విని గుండె బరువు దిగి ఊపిరి పీల్చుకుంటుందనుకున్నాను. బండిలో వచ్చేటప్పుడు అదే ఊహించుకున్నాను. ఆమె నా వంక చూసింది. తప్పు చేసినవాణ్ని చూసినట్టు చూడలేదు. ఎప్పుడూ జవాబులు చెప్పే అన్నయ్యగారిని చూసినట్టే చూసింది.

"అయితే వాడెందుకు పోయాడండీ?" అంది.

ముప్పై ఏళ్లుగా జనం నన్ను అడుగుతున్నది ఆ ప్రశ్నే. పంట ఎందుకు పోయింది, పెళ్లి ఎందుకు చెడింది, మనిషి ఎందుకు పోయాడు. తిథి అన్నాను, గ్రహమన్నాను, దిక్కన్నాను. ఎవరినీ వట్టి చేతులతో పంపలేదు. ఇప్పుడు కూడా ఒకటి రెండు నాలిక దాకా వచ్చాయి. ఆయుర్దాయం అనబోయాను. నోరు మూసుకున్నాను.

"తెలియదమ్మా" అన్నాను.

ఆమె "భరద్వాజా" అంది, పక్క గదిలో ఉన్నవాణ్ని పిలిచినట్టు. ఇంకోసారి అంది. అప్పుడు కూలబడి ఏడ్చింది. ఏడు నెలల ఏడుపు. మనోహర్ చేతిలోంచి నా చొక్కా జారింది. వెళ్లి ఆమె పక్కన కూర్చుని తల ఒళ్లోకి తీసుకున్నాడు, తనూ ఏడ్చాడు.

ఇల్లు మీ పేర మళ్లీ రాసిస్తాను అన్నాను. వాళ్లు విన్నారో లేదో తెలియదు. తలుపు దగ్గరగా వేసి మెట్లు దిగి వచ్చేశాను.

ఏప్రిల్ 10, గురువారం

పొద్దున బడికి బయల్దేరుతుంటే మనోహర్ ఫోన్ చేశాడు.

"చీకటి పడేదాకా ఏడ్చింది. పెట్టెలు విప్పి వాడి బట్టలు, పుస్తకాలు అన్నీ బయటేసింది. తర్వాత ఆకలేస్తోందంది. చారన్నం కలిపి పెట్టా, తింది. నీకు చెప్పమంది. అందుకని చేశా" అన్నాడు.

"మనోహర్..."

"ఇంటి కాగితాలు సెలవుల్లో చూద్దాం. నువ్వు తీసుకురాకు. ఎవరితోనైనా పంపు. స్టాఫ్ రూములో నా పక్క కుర్చీలో కూర్చోకు. పద్దెనిమిదేళ్లు కూర్చున్నావు, చాలు."

నేను కూడా ఒక మాట చెబుదామనుకున్నాను. అప్పటికే పెట్టేశాడు.